చిన్న ఉద్యోగమేగా, చేరి చదువుకో అన్నారు

2019 ఏప్రిల్‌లో జూనియర్ పంచాయతీ కార్యదర్శిగా ఆర్డర్ నా చేతికొచ్చిన రోజు మా ఇంట్లో ఎవరూ గంతులేం వేయలేదు. మా పెదనాన్న ఆర్డర్ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి "చిన్న ఉద్యోగమే బిడ్డా, చేరి గ్రూప్స్‌కు చదువుకో" అన్నాడు. అదే మాట కోచింగ్ సెంటర్‌లో సార్ అన్నాడు, నాతో పాటు సెలెక్ట్ అయిన ఫ్రెండ్స్ అందరూ ఒకరికొకరు చెప్పుకున్నారు, నిజం చెప్పాలంటే నేను కూడా అదే అనుకుని చేరా. బ్యాగులో జాయినింగ్ రిపోర్టుతో పాటు ఇండియన్ పాలిటీ పుస్తకం కూడా పెట్టుకుని వెళ్లా, ఖాళీ టైంలో చదువుకోవచ్చని. ఖాళీ టైం అంట.

ఇప్పుడు ఈ జాబ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎవరైనా సలహా అడిగితే ఆ మాట మాత్రం నేను చెప్పను. ఇదేదో గొప్ప ఉద్యోగం, ప్రజాసేవ, గాంధీ గారి గ్రామ స్వరాజ్యం అని ఊదరగొట్టడానికి కాదు ఇది రాస్తోంది, అలాంటి మాటలు ఏటా ఏప్రిల్ 24న పంచాయతీరాజ్ దివస్ మీటింగులో చాలా వింటాం. నేను చెప్పేదల్లా ఒక్కటే. ఈ ఉద్యోగంలో మొదటి ఏడాది నువ్వు ఫోన్ పట్టుకుంటావా, రిజిస్టరు పట్టుకుంటావా అన్న దాన్ని బట్టి మిగతా సర్వీసంతా ఉంటుంది. "చేరి చదువుకో" అని వచ్చినవాళ్లకి తెలియకుండానే ఫోన్ చేతికొచ్చేస్తుంది, ఎందుకంటే ఫోన్ పని త్వరగా అయిపోతుంది. రిజిస్టరు పని అవ్వదు.

కొంచెం వెనక్కి వెళ్తా. 2018లో తెలంగాణలో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చింది, 500 జనాభా దాటిన తండాలు, గూడేలు, పెద్ద ఊళ్ల పక్కనున్న చిన్న పల్లెలు నాలుగు వేలకు పైగా కొత్త గ్రామ పంచాయతీలు అయ్యాయి, మొత్తం 12,751కి చేరాయి. ఒక్కో ఊరికి ఒక సెక్రటరీ ఉండాలని ఒకేసారి 9,355 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. జీతం 15,000, మూడేళ్లు ప్రొబేషన్, బాండ్ పేపర్ మీద సంతకం. అంతకుముందు ఒక సెక్రటరీ మూడు నాలుగు ఊళ్లు చూసుకునేవాడు, ఊరికి వారానికోసారి కనపడితే గొప్ప. అలాంటిచోట ఊరికొకరు చొప్పున డిగ్రీ చదివిన పిల్లలొచ్చి కూర్చున్నారు. మేము దిగినప్పుడు చాలా ఊళ్లలో మేము కూర్చోవడానికి కుర్చీ కూడా లేదు.

మా ఊరు కూడా అలా విడిపోయిన పంచాయతీనే. ఆఫీసు అంటే స్కూల్ ఆవరణలో వాడకుండా పడున్న ఒక గది. పాత పంచాయతీ సెక్రటరీ సార్ ఇన్‌ఛార్జిగా ఉండేవారు, మొదటి రోజు ఆయనొచ్చి ఛార్జ్ అప్పజెప్పారు. బీరువా తాళం ఎప్పుడో పోయింది, రెండు తలుపులకీ బైండింగ్ వైరు కట్టి ఉంది. వైరు విప్పితే లోపల క్యాష్ బుక్, మినిట్స్ బుక్, అసెస్‌మెంట్ రిజిస్టర్, డిమాండ్ రిజిస్టర్, జనన మరణాల రిజిస్టర్లు, స్టాక్ రిజిస్టర్, సగం అయిపోయిన రసీదు బుక్కులు, రెండు బ్లీచింగ్ పౌడర్ బస్తాలు. ఆ పౌడర్ వాసనకి కళ్లల్లో నీళ్లొస్తుంటే సార్ లిస్ట్ చదువుతూ పోయారు, నేను టిక్కులు పెడుతూ పోయా. చివర్లో "అన్నీ ఉన్నయమ్మా, సంతకం పెట్టు" అన్నారు. పెట్టేశా. ఏ రిజిస్టర్‌లో ఎన్ని పేజీలున్నాయో, ఎక్కడివరకు రాశారో, క్యాష్ బుక్‌లో ముగింపు నిల్వ బ్యాంకు పాస్‌బుక్‌తో కలుస్తుందో లేదో ఏదీ చూడలేదు. మా ట్రైనింగ్‌లో చట్టం గురించి, 73వ సవరణ గురించి, 11వ షెడ్యూల్‌లోని 29 అంశాల గురించి బాగానే చెప్పారు, ఛార్జ్ తీసుకునేటప్పుడు పేజీలు లెక్కపెట్టుకోవాలని మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నాకు చెప్పింది మా కారోబార్, అది కూడా ఆరు నెలలు ఆగి, నవ్వుతూ.

కారోబార్ అంటే తెలియనివాళ్ల కోసం. పంచాయతీలో పన్నులు వసూలు చేసి, నోటీసులు ఇచ్చి, ఎవరిల్లు ఎక్కడో, ఎవరికెవరికి పడదో అన్నీ తెలిసిన మనిషి. సర్పంచులు మారతారు సెక్రటరీలు మారతారు, ఆయన మారడు. మా కారోబార్ పదో క్లాసు వరకు చదివాడు, ఊరి డిమాండ్ మొత్తం నోటికి చెప్తాడు. మనకేమో పైనుంచి పోస్టింగ్ వచ్చింది కదా అని ఒక చిన్న పొగరు ఉంటుంది మొదట్లో, ఆయన్ని "నువ్వు" అని పిలిచేవాళ్లని చూశా మా బ్యాచ్‌లో. వాళ్లు తర్వాత చాలా ఇబ్బంది పడ్డారు. నేను మొదట్నుంచీ "అన్నా" అనే అన్నా, అది నా మంచితనం కాదు, భయం.

ఇక ఫోన్ సంగతి. చేరిన వారంలోనే నా నెంబరు పదకొండు వాట్సాప్ గ్రూపుల్లో ఉంది. ఆ సెప్టెంబర్ 6న పల్లె ప్రగతి మొదలైంది, మొదట 30 రోజుల ప్రణాళిక అన్నారు, తర్వాత విడతలు విడతలుగా సాగింది. నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, ప్రకృతి వనం, ట్రాక్టరు. పొద్దున్నే సఫాయి వాళ్ల హాజరు ఫోటో, మోరీలు తీస్తున్న ఫోటో, చెత్త ట్రాక్టర్ ఫోటో, ట్యాంకు కడిగిన ఫోటో, మొక్కలకు నీళ్లు పోస్తున్న ఫోటో, అన్నీ జీపీఎస్ లొకేషన్ పడేలా తీయాలి. ఎనిమిదింటికల్లా పెట్టకపోతే గ్రూపులో మన ఊరి పేరు పెట్టి ప్రశ్నార్థకం వస్తుంది. ఆ ప్రశ్నార్థకం చూస్తే కడుపులో ఒక రకంగా అయ్యేది అప్పట్లో.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ ఫోటోల ఒత్తిడి లేకపోతే ఆ పనులు జరిగేవి కాదు. మా ఊళ్లో చచ్చినవాళ్లని కాల్చడానికి వాన పడితే చోటు ఉండేది కాదు, ఇప్పుడు షెడ్డు ఉంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే సర్పంచి, సెక్రటరీ ఇద్దరి మీదా చర్య అని చట్టంలోనే పెట్టారు, బడ్జెట్‌లో పది శాతం హరిత బడ్జెట్ అన్నారు, ఆ భయంతోనే ఎండాకాలం ట్యాంకర్ పెట్టి నీళ్లు పోయించాం, ఆ చెట్ల కిందే ఇప్పుడు బస్సు కోసం నిలబడుతున్నారు జనం. అందుకని ఫోటోలు దండగ అని నేను అనను. నా గొడవ ఏంటంటే ఫోటో పెట్టగానే పని అయిపోయిందన్న ఫీలింగ్ వచ్చేస్తుంది, మనకీ వస్తుంది, పైవాళ్లకీ వస్తుంది. నాకు తెలిసిన ఒకతను వానాకాలం ముందు ఒకేరోజు నాలుగు రకాల చొక్కాలు మార్చుకుని మోరీల దగ్గర ఫోటోలు దిగి దాచుకున్నాడు, వారమంతా రోజుకొకటి వాడదామని. జీపీఎస్‌లో తేదీ కూడా పడుతుందని తర్వాత గుర్తొచ్చిందంట. దొరికినోడు వాడొక్కడే.

మొదటి ఏడాది నేనూ అంతే. పొద్దున ఆరున్నర నుంచి ఫోటోలు, పదకొండింటికి టెలికాన్ఫరెన్స్, మధ్యాహ్నం ఏదో ఒక సర్వే ఫార్మాట్ "వెరీ అర్జెంట్" అని, సాయంత్రం ఆన్‌లైన్ ఎంట్రీలు, రాత్రి పాలిటీ పుస్తకం ముందేసుకుని నిద్ర. బీరువాకి కొత్త తాళం అయితే వేయించా, తెరవడం మాత్రం తక్కువ. మినిట్స్ బుక్‌లో తీర్మానాలు కారోబార్ అన్న రాసిపెడితే చదివి సంతకం పెట్టేదాన్ని.

నాకు బుద్ధొచ్చింది ఒక డెత్ సర్టిఫికెట్ దగ్గర.

ఊళ్లో జనన మరణాలు నమోదు చేసేది పంచాయతీ కార్యదర్శే. 1969 నాటి చట్టం అది. ఘటన జరిగిన 21 రోజుల్లోపు చెప్తే ఏ ఫీజూ లేకుండా రాయాలి, ఆ తర్వాత అయితే లేట్ ఫీజు, 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటిందంటే ఆర్డీఓ ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే. ఒక రైతు చనిపోయాడు, గుండెపోటు, నలభై చిల్లర వయసు. దినాలు కూడా కాకముందే వాళ్ల తమ్ముడొచ్చి చెప్పాడు, నేను రాసుకున్నా. ఆ రోజు ఊరికి ఎవరో తనిఖీకి వస్తున్నారని నర్సరీ దగ్గర హడావిడి, ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతూ ఇంకో చేత్తో ఫారం నింపా. ఆయన్ని ఊరంతా ఏ పేరుతో పిలుస్తారో అదే పేరు రాశా. మల్లయ్య అనుకోండి. ఆధార్‌లో, పట్టాదారు పాస్‌బుక్‌లో ఆయన మల్లేశం.

2018 ఆగస్టు నుంచి రాష్ట్రంలో రైతు బీమా ఉంది, 18 నుంచి 59 ఏళ్లలోపు పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు వస్తాయి, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది, చావు సహజమా ప్రమాదమా అని కూడా అడగరు. మంచి పథకం. కానీ కాగితాలు కలవాలి. సర్టిఫికెట్‌లో ఒక పేరు, పాస్‌బుక్‌లో ఇంకో పేరు, ఫైలు ఆగిపోయింది. నెల దాటాక ఆయన భార్య వచ్చింది, చంకలో చిన్నపిల్ల, చేతిలో ప్లాస్టిక్ కవర్, కవర్లో నేను ఇచ్చిన సర్టిఫికెట్ లామినేషన్ చేయించి ఉంది. ఎంత జాగ్రత్తగా చేయించిందో. "మేడం, మా ఆయన పేరు ఇది కాదంటున్నరు ఆడ" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండు అనిపించింది.

తప్పు దిద్దొచ్చు, చట్టంలో 15వ సెక్షన్ అందుకే ఉంది. అయితే రాసిన ఎంట్రీని కొట్టేసి మళ్లీ రాయకూడదు, పక్కన మార్జిన్‌లో సరైనది రాసి తేదీ వేసి సంతకం పెట్టాలి, దానికి ఆధారాలు జతచేయాలి. ఇద్దరూ ఒకరే అని ఊరివాళ్ల వాంగ్మూలం, ఆధార్ కాపీ, పాస్‌బుక్ కాపీ, ఆన్‌లైన్‌లో కరెక్షన్ కోసం మళ్లీ పైకి లెటరు. నేను పది నిమిషాల్లో చేసిన తప్పుకి ఆమె కూలి పోగొట్టుకుని మండలానికి నాలుగుసార్లు తిరిగింది. డబ్బులు వచ్చాయి చివరికి. వచ్చేదాకా అప్పిచ్చినవాళ్లు ఆమె ఇంటి ముందు కూర్చున్నారని మాత్రం నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నర్సరీ ఫోటో గ్రూపులో టైంకే పెట్టా అని కూడా గుర్తుంది నాకు, రెండు బొటనవేళ్లు పైకి లేపిన బొమ్మలొచ్చాయి దానికి.

అప్పట్నుంచి బీరువా తెరవడం మొదలుపెట్టా. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కారోబార్ అన్నని అడిగితే "డీసీబీ నుంచి మొదలుపెట్టు మేడం, ఊరు మొత్తం అండ్లనే ఉంటది" అన్నాడు. డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్. ఏ ఇంటికి ఎంత పన్ను, ఎంత కట్టారు, ఎంత బాకీ. సరే అని పొద్దున ఫోటోల గోల అయ్యాక రోజుకొక గల్లీ చొప్పున ఆయన, నేను, ఒక టేపు, రిజిస్టరు. నెల పైనే పట్టింది. రిజిస్టరులో 312 ఇళ్లు ఉన్నాయి, తిరిగితే 347 తేలాయి. రెండంతస్తుల స్లాబ్ ఇల్లు ఇంకా పెంకుటిల్లుగానే ఉంది, పన్ను అంతే. పదేళ్ల కింద చనిపోయినవాళ్ల పేర్ల మీద డిమాండ్ నడుస్తోంది. అన్నదమ్ములు పంచుకుని మధ్యలో గోడ కట్టుకున్న ఇల్లు కాగితం మీద ఇంకా ఒకటే, పన్ను కట్టేది మాత్రం పెద్దోడొక్కడే, చిన్నోడు ఎందుకు కట్టాలని వాదన. మార్చిలో నూరు శాతం వసూలు అని రిపోర్టు ఎలా వెళ్లేదో కూడా అప్పుడే అర్థమైంది. డిమాండే తప్పు అయినప్పుడు నూరు శాతం కష్టమేం కాదు.

అలా తిరుగుతుంటే 3-27 ఇంటి నెంబరు దగ్గర ఆగాం. ఇల్లు లేదక్కడ. రెండు మొండిగోడలు, మధ్యలో తుమ్మచెట్టు, ఒక మూల పొయ్యిగడ్డ ఇంకా నల్లగా ఉంది. రిజిస్టరులో మాత్రం ఏటా డిమాండ్, ఏటా కలెక్షన్, ఒక్క ఏడు కూడా బాకీ లేదు. ఇదేదో కారోబార్ అన్న చేతివాటం అనుకున్నా మొదట (అన్నా, ఇది చదివితే తప్పుగా అనుకోకు). లేని ఇంటికి పన్నేంటి, డిమాండ్‌లోంచి తీసేద్దాం అని పెన్ను తీశా. పక్కింటి అరుగు మీదనుంచి ఒక అవ్వ కర్ర పట్టుకుని గబగబా వచ్చింది, "కొట్టెయ్యకు బిడ్డా, నేనే కడుతున్న" అంటూ.

కొడుకు దగ్గర ఉంటోంది, కూలిపోయింది ఆమె అత్తగారి ఇల్లు. ఆబాదీ జాగకి పట్టా ఉండదు కదా, సర్వే నెంబరూ పాస్‌బుక్కూ ఉండేది పొలాలకి, ఊరి మధ్యలో ఇళ్ల జాగలకి తరతరాలుగా ఉన్న కాగితం ఏదన్నా ఉందంటే పన్ను రసీదే. చట్టప్రకారం పన్ను రసీదు హక్కు పత్రం అవ్వదు, పన్ను కట్టినంత మాత్రాన యజమాని అయిపోరు, అది ట్రైనింగ్‌లో చెప్పారు. కానీ రేపు ఎవడన్నా ఆ జాగలో కొట్టం వేస్తే అవ్వ చూపించడానికి ఉన్నది ఆ రసీదుల కట్ట ఒక్కటే. కొంగు ముడిలోంచి తీసి చూపించింది, పాతవి పసుపు రంగుకి తిరిగి మడతల దగ్గర చిరిగిపోయాయి. పరీక్షకి చదివినప్పుడు పన్ను అంటే పంచాయతీ ఆదాయ వనరు అని రాశాం. అవ్వ దృష్టిలో పంచాయతీ ఏటా ఒకసారి ఆమె పేరు పిలిచి, అవును ఈ జాగ నీదేనని ఒప్పుకోవడం అది. నేను పెన్నుతో ఒక గీత గీస్తే ఆమె ఆ ఊళ్లో లేనట్టే లెక్క.

గీయలేదు. రిమార్కుల కాలంలో "ఇల్లు శిథిలం, ఖాళీ జాగ స్వాధీనంలో ఉంది, అసెస్‌మెంట్‌దారు హాజరు" అని రాసి కొలతలు వేశా, తర్వాత గ్రామసభలో చదివించా. మా చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. చాలాచోట్ల డప్పు చాటింపు ఒకపక్క, సంతకాల కోసం ఇల్లిల్లూ తిరగడం ఇంకోపక్క నడుస్తుంటాయి, ఆ సంగతి అందరికీ తెలుసు. ఆ సభకి మాత్రం జనం వచ్చారు, ఎందుకంటే ఇళ్ల లిస్ట్ చదువుతారని తెలిసింది. ఎప్పుడూ రానివాళ్లు వచ్చి గొడవపడ్డారు, స్లాబ్ ఇంటాయన అయితే నా మీద ఇంతెత్తున లేచాడు, పన్ను పెంచింది నేనే అన్నట్టు. రెండు గంటలు నడిచింది. అంత గోల జరిగిన సభ నా సర్వీసులో అదే, అంత బాగా జరిగిందీ అదే.

డబ్బుల దగ్గర రిజిస్టరు ఇంకోలా ఆదుకుంటుంది. పంచాయతీ చెక్కు మీద సంతకాలు సర్పంచివి, ఉప సర్పంచివి, 2018 చట్టం అలా పెట్టింది. సెక్రటరీకి చెక్ పవర్ లేదు కదా నాకెందుకు అనుకుంటారు కొత్తవాళ్లు. ఆడిట్ వచ్చినప్పుడు వోచర్ ఏది, తీర్మానం ఏది, ఎంబీ (పని కొలతల పుస్తకం) రికార్డు ఏది అని అడిగేది మనల్నే. ఒకసారి ఒక మోరీ పని బిల్లు నా టేబుల్ మీదకొచ్చింది, మోరీ సగమే అయింది. "మిగతాది వారంలో అయితది, ముందు రాయి మేడం, మనోడే" అన్నారు. కొత్తలో అయితే ఒప్పుకునేదాన్ని, లేకపోతే ఒంటికాలి మీద లేచేదాన్ని, రెండూ తప్పే. అప్పటికి నేర్చుకున్నదేంటంటే కాదు అని నోటితో చెప్పకూడదు. "ఏఈ సార్‌తో కొలతలు ఎక్కించుకుందాం సార్, ఎంబీ రాగానే ఈ మీటింగ్‌లోనే తీర్మానం పెట్టేస్తా, నేనే రాస్తా" అన్నా, అని మినిట్స్ బుక్ తెరిచి పెట్టుకుని కూర్చున్నా. మినిట్స్ బుక్ తెరిచి ఉంటే మనుషుల గొంతు ఎలా తగ్గుతుందో చూస్తేగానీ నమ్మరు. మోరీ పూర్తయింది, బిల్లు పాసైంది, ఇప్పటికీ మాట్లాడుకుంటాం.

ఇంత చెప్తుంటే మా బ్యాచ్ వాళ్లు కొందరు నవ్వుతారని తెలుసు. వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. 15,000 జీతానికి పెట్రోల్ పోయి ఏం మిగులుతుంది, మూడేళ్ల ప్రొబేషన్ అని నాలుగేళ్లు చేశారు, 2021 జూలైలో జీతం 28,719 అయ్యేదాకా ఇంట్లో వాళ్లని అడిగి బతికాం, 2023లో సమ్మె చేస్తేగానీ రెగ్యులరైజేషన్ కదల్లేదు, చివరికి గ్రేడ్-4 కార్యదర్శులన్నారు. ఇంత జరిగిన దానికి ప్రేమగా రిజిస్టర్లు రాయమంటావా, గ్రూప్-2 చదువుకుని వెళ్లిపోయేవాడే తెలివైనోడు అంటారు. చదువుకోండి, నేను వద్దనలేదు, వెళ్లినవాళ్లని చూసి సంతోషపడ్డా. కానీ లెక్క చూడండి. గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వస్తే వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబర్‌లో. గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. "రేపో మాపో వెళ్లిపోతా" అనుకుంటూ ఊళ్లో కూర్చున్న ఆ రోజుల్లో జనాలకి బిడ్డలు పుట్టారు, పెద్దోళ్లు పోయారు, ఇళ్లు పంచుకున్నారు, అవన్నీ మన చేతిరాతలోనే రికార్డయ్యాయి. మనం వెళ్లిపోయినా అవి ఉంటాయి. తప్పులతో సహా.

ఇంకో వాదన ఉంది, అది ఇంకా గట్టిది. ఫోటో పెట్టకపోతే ఈరోజే మెమో, రిజిస్టరు రాయకపోతే ఎవడూ అడగడు, మరి ఏది చేయాలి? నిజమే, అడగరు. తనిఖీకి వచ్చినవాళ్లలో నా డిమాండ్ రిజిస్టరు తెరిచి ఒక్క పేజీ చదివినవాళ్లు నాకు తెలిసి ఇద్దరు. ఆ ఇద్దరూ కిందనుంచి ప్రమోషన్ల మీద వచ్చినవాళ్లే, ఒకప్పుడు వాళ్లూ పంచాయతీ బీరువా ముందు కూర్చున్నవాళ్లే. ఈ తప్పు కిందివాళ్లది కాదు, ఏది కొలుస్తారో అదే చేస్తారు ఎవరైనా. పారిశుద్ధ్యం ఫోటోకి రోజూ స్కోరు ఉంది, ఒక వితంతువు సర్టిఫికెట్‌లో పేరు కరెక్టుగా ఉన్నందుకు స్కోరు లేదు. ఇది మారాలి, మార్చాల్సింది పైన. అది మారేదాకా కొత్తగా వచ్చినవాళ్లు తమ మంచికే చూసుకున్నా లెక్క ఇటువైపే తేలుతుంది. మెమోకి సంజాయిషీ రాస్తే వారంలో మర్చిపోతారు. ఆడిట్ పేరా, అంటే ఆడిట్‌లో రాసిన అభ్యంతరం, అలా కాదు, మీరు ట్రాన్స్‌ఫర్ అయినా, ప్రమోషన్ వచ్చి ఎంపీఓ (మండల పంచాయతీ అధికారి) అయినా, రిటైర్ అయి పెన్షన్ కాగితాలు పెట్టుకునే రోజు కూడా వెనకాలే వస్తుంది, రికవరీ అంకెతో.

2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు సర్పంచులు లేరు, పదవీకాలం అయిపోయింది, ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం నుంచి ఫైనాన్స్ కమిషన్ గ్రాంటు రాదు. మోటారు కాలిపోతే, ట్రాక్టర్‌లో డీజిల్ అయిపోతే ఊరంతా చూసేది సెక్రటరీ వైపు. ఒక స్టార్టర్ నా జీతంలోంచి కొన్నా, బిల్లు దాచా, అది ఇంకా నా పర్సులోనే ఉంది. ఆ రెండేళ్లు ఊరు నడిచిందంటే కొంత ఇంటి పన్ను వల్లే. గల్లీలు తిరిగి సరిచేసిన డిమాండ్ అప్పుడు పనికొచ్చింది, వాటర్‌మన్‌కి, సఫాయి వాళ్లకి ఎంతో కొంత సర్దగలిగాం. వాళ్లకి నెలకి 9,500, అది కూడా నెలనెలా అందకపోతే మనం పొద్దున్నే వాళ్లని నిలబెట్టి ఫోటో తీస్తుంటే వాళ్లు కెమెరా వైపు ఎలా చూస్తారో అది కూడా ఫోటోలో పడుతుంది. 2025 డిసెంబర్‌లో ఎన్నికలొచ్చాయి, నామినేషన్ వేయాలనుకునేవాళ్లు పన్ను రసీదు కోసం గది ముందు లైను కట్టారు. స్లాబ్ ఇంటాయన కూడా వచ్చాడు, ఆరేళ్ల బాకీ ఒక్క రోజులో కట్టాడు. కొత్త రేటు ప్రకారమే. నేను ఏమీ అనలేదు, కారోబార్ అన్న మాత్రం రసీదు చింపేటప్పుడు కొంచెం గట్టిగా చింపాడు.

మధ్యలో ఒక సంగతి రాయకపోతే ఆడవాళ్లు ఊరుకోరు. నేను ఇంటింటికీ తిరిగి మరుగుదొడ్డి కట్టుకోమని చెప్పి, వాడుతున్నారా లేదా అని సర్వే చేసి, ఫోటోలు పెట్టిన రెండేళ్లూ నా ఆఫీసుకి మరుగుదొడ్డి లేదు. స్కూల్‌ది వాడుకునేదాన్ని, సెలవుల్లో దానికి తాళం. పొద్దున నీళ్లు తాగడం మానేసి ఊరికి వెళ్లేదాన్ని. కొత్తగా చేరే అమ్మాయిలకి నేను చెప్పే మొదటి సలహా రిజిస్టరు గురించి కూడా కాదు, ఊళ్లో ఒక ఇల్లు మంచి చేసుకోండి అని.

నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. నా చోటికి వచ్చిన అబ్బాయికి ఇరవై మూడేళ్లుంటాయి, నాన్న సర్వీసులో ఉండగా పోతే కారుణ్య నియామకం కింద వచ్చాడు. చేతిలో కొత్త ఫైలు, మొహంలో ఇంకా దుఃఖం పోలేదు. వాళ్ల ఇంట్లో కూడా అదే మాట చెప్పి పంపారంట, చిన్న ఉద్యోగమే, చేరి చదువుకో అని. ఛార్జ్ లిస్ట్ రెండు కాపీలు తీశా, ఒక్కో రిజిస్టరులో ఎన్ని పేజీలో, ఎక్కడివరకు రాశానో పక్కనే వేశా. అతను మొదటి పేజీ చూసి లిస్ట్ పక్కన పెట్టి ఫోన్ తీశాడు, "మేడం, గ్రూపుల్లో నన్ను యాడ్ చేస్తరా, రేపు పొద్దున ఫోటోలు పెట్టాలంటున్నరు."

"చేస్తా తమ్మీ, అందులో ఏముంది" అన్నా. కారోబార్ అన్న అప్పటికే టేపు తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ముందు 3-27 దాకా పోయొద్దాం రా. అవ్వ రెండ్రోజుల నుంచి అడుగుతోంది, కొత్త సార్‌కి జాగ చూపించి పొమ్మని."